పార్స్లీ తరిగిన ఆదివారం

"తలుపు తియ్యవే జుమానా! ఒంటిగంటకి వాళ్ళు వచ్చేస్తారు. పెళ్ళికూతురు గడియ పెట్టుకుని కూచుందని చెప్పనా వాళ్ళకి?"

ఇస్కందర్ కూతురి గది తలుపు కొట్టడం పొద్దుటి నుంచి అది నాలుగోసారి.

"నాకీ పెళ్ళి వద్దని చెప్పండి."

"మొన్నటిదాకా నదీమ్, నదీమ్ అని కలవరించింది నువ్వు కాదూ? ఇప్పుడెందుకు వద్దు?"

"ఎందుకో మీకు తెలీదా నాన్నా?"

ఇస్కందర్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కడ బొగ్గుల బస్తా ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. మాంసం కాల్చడానికి ఇంకా రెండు గంటల టైముంది. అయినా ఆయనకి చేతికేదో పని కావాలి.

వంటింట్లో ఉన్న ఆయన చెల్లెలు నుహాద్‌కి ప్రతి మాటా వినబడుతూనే ఉంది. తెల్లవారగానే కడిగి తెల్లగుడ్డ మీద పరిచిన, కొత్తిమీరలా ఉండే పన్నెండు కట్టల పార్స్లీని ఆమె మునివేళ్ళతో తిరగేస్తోంది. ఆకు మీద చుక్క తడి ఉండకూడదు. తడి ఆకు కత్తి కింద నలిగి పసరు కక్కుతుంది. ఈ ఆకు, గోధుమ రవ్వ కలిపి చేసే తబ్బూలె గిన్నెలో నీరోడుతుంది. పెళ్ళి మాటలకి వచ్చిన జహ్లె ఊరి ఆడవాళ్ళు పిల్ల ముఖం కన్నా ముందు తబ్బూలె గిన్నె చూస్తారు.

ఆ వచ్చేది ఎవరో తలుచుకోకుండా ఉండాలని నుహాద్ వారం రోజులుగా ప్రయత్నిస్తోంది. కడిగిన గిన్నెలే కడిగింది. ఉతికిన కర్టెన్లే ఉతికింది. అయినా ఒళ్ళంతా చెవులై వీధివైపే ఉంది.

నదీమ్‌కి చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. పెంచింది బాబాయి. కాబట్టి పిల్లనడగడానికి నాయనమ్మ అద్లాతో పాటు ఆ బాబాయి కూడా వస్తాడు.

ఆ బాబాయి పేరు ఫారెస్. ఇరవై మూడేళ్ళ కిందట నుహాద్ వేలికి ఉంగరం తొడిగినవాడు.

జుమానాకి ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నిన్న సాయంత్రం పక్కింటి సైదె, ద్రాక్ష ఆకులు కోసుకుపోయే నెపంతో వచ్చి, పందిరి కింద నిలబడి చెప్పి పోయింది. అప్పుడు గదిలోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ బయటికి రాలేదు.

నుహాద్ తలుపు దగ్గరికి వెళ్ళి పిలవలేదు, బతిమాలలేదు. వంటింటి గుమ్మంలోంచే, మామూలు గొంతుతో అంది:

"పన్నెండు కట్టలున్నాయి. నాకు రెండు చేతులే ఉన్నాయి."

తర్వాత గడియ తీసిన శబ్దం వచ్చింది.

ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో జుమానా వచ్చి బల్లకి అటువైపు నిలబడింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. తల్లి ఓల్గా పోలికే అంతా, ఒక్క మొండితనం తప్ప. అది మాత్రం పెంచిన అత్తది.

"చేతులు కడుక్కుని తుడుచుకో. బాగా తుడుచుకో."

"అత్తా, నేనొకటి అడుగుతాను..."

"ముందు కట్ట పట్టుకో. కాడలన్నీ ఒక్క వరసలో పెట్టు. అలా కాదు, పిడికిలి బిగించు. వేళ్ళ కొసలు లోపలికి ముడుచుకో, లేకపోతే తబ్బూలెలో నీ గోళ్ళు కూడా తినిపిస్తావు వాళ్ళకి."

జుమానా నవ్వలేదు. కత్తి తీసుకుంది.

"కత్తి ఒక్కసారే దిగాలి. వెంట్రుకంత సన్నంగా. తరిగినదాని మీద మళ్ళీ కత్తి ఆడించకు. ఆకు నల్లబడుతుంది."

నుహాద్ కత్తిది వాన చినుకుల్లా ఒకటే వరస. జుమానా కత్తి అడుగడుక్కీ ఆగి ఆలోచిస్తోంది. ఆకుపచ్చటి వాసన ఇద్దరి మధ్యా నిండింది.

మూడు కట్టలయ్యాక నుహాద్ టమాటాలు చిన్న ముక్కలుగా కోసి పెద్ద పళ్ళెంలో వేసింది. అలమర పై అరలోంచి చిన్న గుడ్డమూట దించింది. ముడి విప్పితే లోపల గోధుమ రవ్వ. ఉడకబెట్టి, మిద్దె మీద ఎండబెట్టి, మిల్లులో విసిరించిన రవ్వే. కానీ బస్తాలో ఉన్న రవ్వలాంటిది కాదు. ఇసుకంత సన్నం. రెండు గుప్పిళ్ళు తీసి టమాటా ముక్కల మీద చల్లింది. నీళ్ళు పొయ్యలేదు. ఆ టమాటా రసంలో, పైన పిండే నిమ్మరసంలో రవ్వ దానంతటదే మెత్తబడాలి.

"ఇది మన బస్తాలోది కాదు కదా అత్తా?"

"మిల్లులో విడిగా కట్టిస్తారు."

"అందరికీనా?"

నుహాద్ మూట ముడి మళ్ళీ బిగించింది.

అందరికీ కాదు. ఏటా సెప్టెంబరులో ఇస్కందర్ గోధుమల బస్తా మిల్లుకి తీసుకెళ్తాడు. తిరిగొచ్చిన బస్తా నోట్లో ఈ చిన్నమూట ఉంటుంది. కావాలని ఎవరూ అడగలేదు. ఎందుకిచ్చారని కూడా ఎవరూ అడగలేదు. ఆ మిల్లు ఫారెస్‌ది.

అతను తెక్లాని పెళ్ళి చేసుకున్న తర్వాత కూడా మూట ఆగలేదు. ఆ ఏళ్ళలో నుహాద్ దాని ముడి విప్పేది కాదు. అలాగే తీసుకెళ్ళి మఠంలో వంటకి ఇచ్చి వచ్చేది. తెక్లా మంచి మనిషి. చర్చిలో ఎదురైతే చెయ్యి పట్టుకుని పలకరించేది. మూడేళ్ళ కిందట తెక్లా పోయింది. ఆ తర్వాత వచ్చిన మూటని మఠానికి ఇవ్వడానికి నుహాద్‌కి చెయ్యి రాలేదు. అలాగని విప్పడానికీ చెయ్యి రాలేదు. ఇవాళే మొదటిసారి.

"నువ్వాయన్ని ఎందుకు వద్దన్నావు అత్తా?" అని అడిగేసింది జుమానా. "నా గురించేనా? అమ్మ పోయింది, పాలు తాగే పిల్లని ఎవరు చూస్తారని? నా కోసం నువ్వు వదులుకున్న ఇంటికే నేను దర్జాగా కోడలిగా వెళ్ళి, ఆయన్ని మావయ్యగారూ అని పిలవనా? అది చూస్తూ నువ్విక్కడ ఒక్కదానివీ కూచుంటావా?"

నుహాద్ కత్తి ఆగింది.

"నేను వద్దన్నానా? ఎవరు చెప్పారు?"

"సైదె పిన్ని చెప్పింది. ఊరంతా అదే అనుకుంటుందట. పెళ్ళికొడుకు నచ్చలేదన్నట్టు ఉంగరం తిప్పి పంపిందని, ఫారెస్ నెల రోజులు మిల్లు తలుపు తియ్యలేదని."

"పిచ్చిదానా, నేను ఏడాది ఆగమన్నాను. ఆగుతానన్నాడు. అద్లా అమ్మగారు వచ్చి ఉంగరం తిరిగి అడిగింది. వాళ్ళే అడిగారు. మీ నాన్న నాకు..."

మాట అక్కడే తెగిపోయింది.

వంటింటి గుమ్మంలో, బొగ్గు మసి అంటిన చేతులతో, ఇస్కందర్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. అతని మొహం చూడగానే నుహాద్‌కి ఆ మిగతా మాట అవసరం లేకపోయింది.

"వాళ్ళు అడిగారన్నావు నాతో," అంది మెల్లిగా. "అన్నయ్యా, వాళ్ళు అడిగారనే కదూ నువ్వు చెప్పింది?"

ఇస్కందర్ తల దించుకున్నాడు. పక్కన పందిరి మీద పిచ్చుకలు గోల చేస్తున్నాయి.

"ఆవిడ పెళ్ళి తేదీ అడగడానికొచ్చింది," అన్నాడు చివరికి. "నువ్వు పిల్లకి స్నానం చేయిస్తున్నావు. పిల్ల జ్వరంతో ఏడుస్తోంది. ఓల్గా పోయి అప్పటికి పదకొండు నెలలు. నాకు... నాకు భయం వేసింది నుహాద్. నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనూ, ఈ పసిగుడ్డూ ఏమైపోతామో అని. నీ పెట్టెలోంచి ఉంగరం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. మా చెల్లెలు మనసు మార్చుకుందని చెప్పాను."

"నాన్నా!" అంది జుమానా.

"మర్నాడే వెళ్ళి నిజం చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు పోయింది, వారం పోయింది. ఆ తర్వాత అతను పెళ్ళి చేసుకున్నాడు. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను."

నుహాద్ నాలుగో కట్ట తీసుకుంది. కత్తి ఎత్తింది. తరిగిన ఆకు మీదే మళ్ళీ తరిగింది, మళ్ళీ తరిగింది, బల్ల అదిరిపోయేలా తరిగింది. ఆకు ముద్దయి, నల్లటి పసరు బల్ల మీద కాలవ కట్టింది. అప్పుడు కత్తి పక్కన పెట్టి, ఆ ముద్దనంతా రెండు చేతులతో ఎత్తి చెత్త బుట్టలో వేసింది.

ఇరవై రెండేళ్ళు. ప్రతి ఆదివారం చర్చిలో అతని వీపు చూస్తూ కూచుంది. ఆ వీపు మీద కోపం తెచ్చుకుంది, తిట్టుకుంది, ఎప్పుడు తెల్లవెంట్రుకలు వచ్చాయో లెక్క పెట్టుకుంది. అడగకుండా ఉంగరం తిరిగి తీసుకున్నవాడు అనుకుంది. అదే వేళకి అతను ఏమనుకుని ఉంటాడు? చెప్పకుండా ఉంగరం తిప్పి పంపింది అనుకున్నాడేమో. అలా అనుకుంటూనే ఏటా ఆ మూట కట్టాడా?

"ఏదో ఒకటి అను నుహాద్," అన్నాడు ఇస్కందర్. "తిట్టు. నాలుగు కొట్టు. ఇంకో గంటలో వాళ్ళు వచ్చేస్తారు, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"చేతులు కడుక్కో," అంది నుహాద్. "నిమ్మకాయలు పిండు."

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఇస్కందర్ వంటింట్లో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. పది నిమ్మకాయలు, ఒకదాని తర్వాత ఒకటి, గింజలు ఏరుకుంటూ పిండాడు. బొగ్గు పని చేసి చిట్లిన వేళ్ళలోకి పులుపు ఎక్కి భగ్గుమంటున్నా చెయ్యి ఆపలేదు. జుమానా తండ్రివైపు ఒక్కసారి కూడా చూడకుండా ఉల్లికాడలు తరిగింది. నుహాద్ ఆ ముక్కలకి ఉప్పు, మిరియాల పొడి పట్టించి నలిపింది. పుదీనా ఆఖర్న తరిగింది, ముందే తరిగితే నల్లబడుతుంది కనక.

ఆ గంటసేపు వంటింట్లో ముగ్గురున్నారు.

*

ముందుగా చేతికర్ర చప్పుడు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ అద్లా, నల్లటి పట్టుగౌనులో, మనవడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. నదీమ్ మెడకి టై బిగించుకుని, ఊపిరాడని మొహంతో అందరికీ నమస్కారాలు పెట్టాడు. వాళ్ళ వెనక, టోపీ చేతిలో పట్టుకుని, ఫారెస్.

"బాగున్నారా?" అన్నాడు నుహాద్‌తో.

"బాగున్నానండీ. మీరు?"

అంతే. ఒకప్పుడు ఇదే పందిరి కింద, ద్రాక్ష గుత్తికి నిచ్చెన వేసుకుని ఎక్కి, "పట్టుకోవే, పడిపోతున్నాను!" అని అరిచి నవ్వించిన మనిషి. కనుబొమల మీద పిండి దుమ్ము ఇంకా అలాగే ఉంది. ఎంత కడిగినా పోదు కాబోలు. దాన్ని తుడవాలని చెయ్యి లేవబోతే, నుహాద్ ఆ చెయ్యి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది.

పందిరి కింద బల్ల వేశారు. సోంపు వాసన వేసే అరక్ సారా గ్లాసుల్లో నీళ్ళు పోస్తే పాలలా తెల్లబడింది. పచ్చటి లెట్యూస్ ఆకులు, లేత ద్రాక్ష ఆకులు చుట్టూ పేర్చిన పళ్ళెంలో తబ్బూలె వచ్చింది. ఆఖరి క్షణంలో పోసిన ఆలివ్ నూనె మీద ఎండ తళతళలాడింది.

అద్లా ఒక లెట్యూస్ ఆకు తీసుకుని, దోనెలా మడిచి, తబ్బూలె ఎత్తి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"ఇది పిల్ల చేతి కత్తి కాదు," అంది.

"సగం నాదేనండి," అంది జుమానా వెంటనే. "లావుగా పడ్డ ముక్కలన్నీ నావి."

నదీమ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ముసలావిడ పెదవి కూడా కొంచెం కదిలింది.

"అబద్ధం చెప్పలేదు. అది నచ్చింది నాకు."

ఫారెస్ తల దించుకుని తింటున్నాడు. ఒక ఆకు, ఇంకో ఆకు. రవ్వ పంటి కింద పడినప్పుడు ఒక్క క్షణం ఆగాడు. తన మిల్లు రవ్వ తనకి తెలీదా? కళ్ళెత్తి నుహాద్‌వైపు చూశాడు. నుహాద్ అప్పుడే నీళ్ళ కూజా నింపడానికి లేచింది.

ఆ చూపు అద్లా కళ్ళ పడింది. నుహాద్ కూజాతో తిరిగొచ్చేసరికి ముసలావిడ చేతిలో ఆకు కింద పెట్టేసి, నడుం నిటారుగా చేసుకుని కూచుని ఉంది.

"ఇక మాటలు సాగదియ్యడం నాకు చేతకాదు," అంది. "పిల్లకి తల్లి లేదు. పెంచినదానివి నువ్వు. కాబట్టి ఇస్కందర్‌ని కాదు, నిన్నే అడుగుతున్నాను నుహాద్. మీ జుమానాని మా నదీమ్‌కి ఇస్తావా? ఇచ్చేముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా అత్తగారి రోజుల్లో ఒకే ఇంటి ఆడపిల్లలిద్దరు మా ఇంటికి కోడళ్ళుగా వచ్చారు. ఏడాది తిరక్కుండా ఇంటి మధ్య గోడ లేచింది. అన్నదమ్ములు ఒకరి చావుకి ఒకరు వెళ్ళలేదు. అప్పట్నుంచి ఒక గుమ్మం నుంచి మా గుమ్మంలోకి ఒక్క పిల్లే. రెండోది రాదు. నేను బతికుండగా రాదు."

"ఇప్పుడా మాటెందుకు నాయనమ్మా?" అన్నాడు నదీమ్.

"ఎందుకో మీ బాబాయికి తెలుసు."

ఫారెస్ తల్లివైపు తిరిగాడు. "అమ్మా, ఈ మాట ఇక్కడ అననని నాకు మాటిచ్చావు."

నుహాద్‌కి చేతిలో కూజా బరువైంది. అయితే ఇంట్లో ఈ మాట వచ్చిందన్నమాట. అతను అడిగాడన్నమాట. మూడేళ్ళుగా, తనలో తను కూడా పైకి అనుకోని మాటని అతను పైకి అన్నాడు. తెలిసిన ఆ క్షణంలోనే తలుపు కూడా మూస్తున్నారు. మూయమని గడియ తనకే ఇస్తున్నారు.

జుమానాని ఇస్తానంటే తను వెళ్ళడానికి లేదు. తను వెళ్ళాలంటే జుమానాని ఇవ్వకూడదు.

అప్పుడు ఇస్కందర్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"అద్లా అమ్మగారూ, ఆ రోజు నేను మీకు ఉంగరం ఇచ్చినప్పుడు, మా చెల్లెలు మనసు మార్చుకుందని చెప్పాను. అది అబద్ధం. తనకి తెలీదు. తను పెరట్లో పిల్లకి స్నానం చేయిస్తోంది. మీరడిగారని తనకి చెప్పాను, తనే ఇచ్చిందని మీకు చెప్పాను. ఇది ఇరవై రెండేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. ఏ శిక్ష వేస్తారో వెయ్యండి, కానీ ఆ శిక్ష పిల్లకి వెయ్యకండి."

ఫారెస్ చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టాడు. మెల్లిగా, పగిలిపోతుందేమోనన్నట్టు పెట్టాడు. ఇస్కందర్‌ని చూడలేదు. నుహాద్‌ని చూశాడు. ఈసారి నుహాద్ కూడా కళ్ళు తిప్పుకోలేదు.

ఆ చూపులో ఎన్ని ఆదివారాలున్నాయో ఇద్దరికే తెలుసు.

అద్లా కర్ర మీద రెండు చేతులూ బిగించింది. "నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు. తెలిస్తే ఆ రోజే నీ చెవి పట్టుకుని... సరే. అయిందేదో అయిపోయింది. అయినా పద్ధతి పద్ధతే. చెప్పు నుహాద్. పిల్లనిస్తావా?"

"నేను చేసుకోను!" అంది జుమానా. "అత్తా, నువ్వు ఇస్తానంటే ఊరుకోను. ఒకసారి నా కోసం..."

"జుమానా, కూచో."

"కూచోను."

"కూచోమన్నాను." నుహాద్ కూజా బల్ల మీద పెట్టి నదీమ్‌వైపు తిరిగింది. "ఏం బాబూ, దీనికి కోపమొస్తే గడియ పెట్టుకుంటుంది. బతిమాలితే తియ్యదు. పని చెప్తే వస్తుంది. గుర్తుంటుందా?"

నదీమ్ లేచి నిలబడ్డాడు. "గుర్తుంటుందండి."

"అయితే ఇచ్చాను," అంది నుహాద్.

చాలా మామూలుగా అంది. జుమానా రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అద్లా శిలువ గుర్తు వేసుకుంది. సంతోషం చెప్పుకోవలసిన ఆ సమయంలో ఒక్కరూ గ్లాసు ఎత్తలేదు.

"మంచిది," అన్నాడు ఫారెస్. "పిల్ల మన గుమ్మంలోకి వస్తుందమ్మా. నేను ఆ గుమ్మంలో ఉండను. మిల్లు మీద గదుంది. రేపట్నుంచి నా మంచం అక్కడే. అప్పుడు నీ పద్ధతి నాకు తగలదు."

"ఏమన్నావు?"

"ఇల్లు నదీమ్‌ది. మిల్లు నాది. రెండు గుమ్మాలు."

ముసలావిడ కర్ర నేలని ఒక్క పోటు పొడిచింది. "ఒక కొడుకుని మట్టిలో పెట్టాను. తెక్లాని పెట్టాను. ఈ వయసులో రెండో కొడుకుని మిల్లుకి వదులుకోమంటావా? ఎవరి కోసం? అడిగినవాళ్ళెవరు నిన్ను?"

"నేనూ అదే అడుగుతున్నాను," అంది నుహాద్.

అందరూ తిరిగి చూశారు.

"నన్నెవరైనా అడిగారా? ఉంగరం ఇచ్చేసేటప్పుడు మా అన్నయ్య నన్నడగలేదు. తీసుకునేటప్పుడు మీరడగలేదు, అద్లా అమ్మగారూ. ఇంట్లోనే ఉన్నాను కదా, పిలిచి ఒక్క మాట అడగొచ్చు కదా?" ఆమె గొంతు పెంచలేదు. కానీ ప్రతి మాటా తడిసి బరువెక్కి వచ్చింది. "నువ్వూ అడగలేదు ఫారెస్. ఈ వీధి చివర వరకూ వచ్చి, నిజమేనా నుహాద్ అని ఒక్కసారి అడిగితే ఏం పోయేది? ఏటేటా మూట కట్టి పంపడం తెలుసు గానీ, నోరు విప్పడం తెలీదా నీకు? ఇవాళ కూడా అంతే. గుమ్మాలు మీరూ మీరూ పంచుకుంటున్నారు. నేనేదో ఆ గుమ్మాల మధ్య ఇటూ అటూ జరిపే బల్లలాగా."

ఫారెస్ నోరు తెరిచాడు.

నుహాద్ ఖాళీ అయిన ఆకుల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి నడిచింది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. బల్ల మీద పిండేసిన నిమ్మ చెక్కలు అలాగే ఉన్నాయి. పళ్ళెం వాటి పక్కన పెట్టి, రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడింది. ఎంత మాటలన్నాను! పిల్ల పెళ్ళి మాటల రోజున, వచ్చినవాళ్ళ ముందు! అయినా ఆ మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవాలని లేదు. ఒళ్ళంతా ఎంత బాధగా ఉందో, ఊపిరి అంత తేలికగా ఆడుతోంది.

బయట కుర్చీ జరిగిన చప్పుడు.

"ఎక్కడికి? కూచో ఫారెస్." అది అద్లా గొంతు.

అడుగులు ఆగలేదు. పందిరి కింది రాతి పలకల మీద, తర్వాత వసారాలో. ఆ నడక ఆమెకి తెలుసు. కాస్త బరువెక్కింది, అంతే. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"నుహాద్."

ఆమె తిరగలేదు.

"అడగడానికొచ్చాను. ముందే రావలసింది. పిరికివాణ్ణి." ఊపిరి తీసుకున్న శబ్దం వినిపించింది. "లోపలికి రానా?"

అతని వెనకాలే, వసారాలో కర్ర చప్పుడు మొదలైంది. తడబడుతూ, తొందర తొందరగా, ఇటే వస్తోంది. ఆ వెనక ఇస్కందర్ గొంతు, "జాగ్రత్తండీ, మెట్టు," అంటోంది. జుమానా వెక్కిళ్ళు ఆగిపోయాయి. ఇల్లంతా చెవులు రిక్కించింది.

లోపలికి రానిస్తే ఆ నాలుగు గోడల మధ్య, ఇద్దరికే వినబడేలా చెప్పేస్తాడు. అది ఎంత తియ్యగా ఉంటుందో నుహాద్‌కి తెలుసు. ఇన్నేళ్ళూ ఆ గొంతు కోసమే చెవి కాచుకుని ఉంది.

ఆమె ఇటు తిరిగింది. చెంపల మీద తడి తుడుచుకోలేదు.

"రావద్దు," అంది. "అక్కడే, గుమ్మంలోనే నిలబడి అడుగు. మీ అమ్మకి వినబడాలి. మా అన్నయ్యకి వినబడాలి. గోడవతల సైదెకి కూడా వినబడాలి."

కర్ర చప్పుడు ఆగిపోయింది.